కురిసే ఇల్లు - కదలని యజమాని

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ మాట అన్న మహానుభావుడు తప్పకుండా సొంత ఇల్లు ఉన్నవాడై ఉండాలి. అద్దె ఇంట్లో కాపురం చేసినవాడైతే "ఇంటివారిచేత ఒక్క పెంకు మార్పించి చూడు" అని మూడో మాట కూడా చేర్చి ఉండేవాడు.

అద్దె ఇంట్లో ఉంటున్న ఏ ఇల్లాలినైనా కదిపి చూడండి. వంటింటి తూము వారానికొకసారి పూడుకుంటున్నది. పడకగది గోడ మీద చెమ్మ నిరుడు అరచేయంత ఉండేది, ఈ ఏడు చాపంత అయింది. స్నానాలగది తలుపు అడుగున చివికిపోయి, వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. మోటారు మీట నొక్కితే చెయ్యి జిల్లుమంటున్నది. "మరి ఇంటివారితో చెప్పలేదా?" అని అడిగితే, "చెప్పకేం, ఆర్నెల్లనుంచి చెపుతూనే ఉన్నాం. 'అలాగేనమ్మా, చూద్దాం' అంటున్నారు" అని జవాబు వస్తుంది.

ఈ 'చూద్దాం' చాలా చిత్రమైన మాట. కాదన్నట్టూ కాదు, ఔనన్నట్టూ కాదు. ఆ మాట పట్టుకుని రెండు మూడు వానాకాలాలు వెళ్ళదీసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాయలసీమలో బాడుగ అన్నా, తెలంగాణాలో కిరాయి అన్నా, కోస్తాలో అద్దె అన్నా నెల తిరిగేసరికి చెల్లించక తప్పదు. దానికి 'చూద్దాం' అంటే ఏ యజమానీ ఒప్పుకోడు. మరమ్మతుల దగ్గరికి వచ్చేసరికే ఈ మాట పుట్టుకొస్తుంది.

దీనికి విసిగిపోయినవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి తొక్కుతారు. నోరు మూసుకుని, కారేచోట బిందె పెట్టుకుని, సరిపెట్టుకోవడం ఒకటి. ఒళ్ళు మండి, "మరమ్మతు చేయించేదాకా అద్దె ఇవ్వం, ఏం చేసుకుంటారో చేసుకోండి" అనడం రెండోది. మొదటి దారిలో ఇల్లు పాడవుతుంది, పిల్లలకు జలుబూ దగ్గూ మిగులుతాయి. రెండోదారిలో ఏకంగా ఇల్లే పోతుంది. అది ఎలాగో తరువాత చెప్పుకుందాం. ఈ రెండింటికీ మధ్య మూడోదారి ఒకటున్నది: వేళకు చెప్పడం, వివరంగా చెప్పడం, కాగితం మీద చెప్పడం. ఇందులో గొప్ప తెలివితేటలేమీ అక్కరలేదు, కాస్త ఓర్పు, కాస్త పద్ధతి ఉంటే చాలు.

ఇంటివారి గోడు

ముందుగా యజమాని చెప్పులో కాలు పెట్టి చూద్దాం. ఇంటివారంటే అందరూ లక్షాధికారులు కారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కూడబెట్టిన ప్రావిడెంటు ఫండు పెట్టి కింద ఒక వాటా, పైన ఒక వాటా వేసుకుని, ఆ అద్దెతోనే మందులూ మాకులూ కొనుక్కుంటున్న రిటైరయిన గుమాస్తాలూ, మేష్టర్లూ ఎందరో ఉన్నారు. అటువంటివారికి పదిహేనువేల రూపాయల మరమ్మతంటే ఒక నెల అద్దె ఎగిరిపోయినట్టే.

పైగా వారికి ఒక భయం ఉంటుంది: "ఒకటి చేయిస్తే పది అడుగుతారు" అని. వెనక ఉన్నవాళ్ళు గోడనిండా మేకులు కొట్టి, గచ్చు పగలగొట్టి, ఖాళీ చేసిపోయిన అనుభవమూ ఉంటుంది. మరి కొందరు యజమానులు ఊళ్ళోనే ఉండరు. ఫ్లాటు కూకటిపల్లిలోనో, విశాఖపట్నంలోనో ఉంటుంది, యజమాని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. అద్దె నేరుగా బ్యాంకులో పడుతుంది, ఫిర్యాదు మాత్రం బావమరిదికీ, అక్కడనుంచి మామగారికీ, అక్కడనుంచి అమెరికాకూ చేరేసరికి సగం కరిగిపోతుంది.

ఇదంతా చెప్పడం యజమానిని వెనకేసుకు రావడానికి కాదు. ఎదుటివాడు ఎందుకు కదలడం లేదో తెలిస్తే కదపడం సులభం. డబ్బు లేక కదలనివానికి వాయిదాల దారి చూపాలి. భయపడి కదలనివానికి మీ కోరిక ఒక్కటేనని నమ్మకం కలిగించాలి. దూరాన ఉన్నవానికి కళ్ళకు కట్టినట్టు ఫొటోలు పంపాలి. అన్ని తాళాలకూ ఒకే చెవి పనికిరాదు.

ఏది ఎవరి వంతు?

తగాదాల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది. పంపు కొళాయి వాషరు అరిగిపోతే యజమానికి కబురు పెట్టేవారున్నారు. పైకప్పు పెచ్చులూడి పడుతుంటే "మీరుంటున్నారు గనుక మీరే చేయించుకోండి" అనే యజమానులూ ఉన్నారు. ఇద్దరిదీ పొరపాటే.

కేంద్రప్రభుత్వం 2021లో ఒక నమూనా అద్దె చట్టాన్ని తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలులోకి వస్తుంది గనుక అదే శాసనమని ఎవరితోనూ వాదించకండి. కాని అందులో పనుల పంపకం ఎంతో సబబుగా ఉన్నది. దానిని ఇద్దరూ పెద్దమనిషి తీర్పుగా తీసుకోవచ్చు.

ఆ పంపకం ప్రకారం కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, అంటే కప్పు, గోడలు, పునాది వంటివి యజమాని వంతు. అద్దెకున్నవారు పాడుచేసినదైతే మాత్రం కాదు. గోడలకు వెల్లవేయించడం, తలుపులకూ కిటికీలకూ రంగు వేయించడం, అవసరమైనప్పుడు నీటి గొట్టాలు మార్పించడం, లోపలా బయటా కరెంటు తీగలు బాగుచేయించడం కూడా ఆయన వంతే.

అద్దెకున్నవారి వంతు చిన్నవి, రోజూ చేతికి తగిలేవి. కొళాయిలూ వాటి వాషర్లూ మార్చుకోవడం, తూములు శుభ్రం చేయించుకోవడం, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే తొట్టి, నీళ్ళు కాచే గీజరు బాగుచేయించుకోవడం, మీటలూ సాకెట్లూ మార్చుకోవడం, తాళాలూ గడియలూ పిడులూ, కిటికీ అద్దాలూ, దోమల జాలీ వేయించుకోవడం వారు చూసుకోవాలి.

ఈ పట్టిక దగ్గర పెట్టుకుని మీ ఇంట్లో ఉన్న లోపాలన్నీ రెండు వరుసలుగా రాయండి. మీ వంతు పనులు ముందు మీరు చేయించుకోండి. తరువాత యజమాని దగ్గరికి వెళ్ళండి. "తూము మేం బాగుచేయించుకున్నాం, మీటలు రెండు మార్పించుకున్నాం, కప్పు ఒక్కటే మా చేతిలో లేదు" అన్నప్పుడు ఆ మాటకు ఉండే బరువే వేరు.

ఒక్క విషయంలో మాత్రం వంతులు చూడకండి. మీట ముట్టుకుంటే షాకు కొడుతున్నదంటే, తడిగోడలోనుంచి కరెంటు తగులుతున్నదంటే, ఆ క్షణాన మెయిను ఆపి ఎలక్ట్రీషియనును పిలవండి. ఖర్చు సంగతి మర్నాడు మాట్లాడుకోవచ్చు. ప్రాణానికి వాయిదాలు లేవు.

కార్తె చూసి కదలాలి

మరమ్మతు అడగడానికి మంచిరోజులున్నాయి. అవి పంచాంగం వర్జ్యాల్లో ఉండవు, వానల లెక్కలో ఉంటాయి.

జూన్ రెండోవారం ప్రాంతాన మృగశిర కార్తె ప్రవేశించి నైరుతి వానలు మొదలవుతాయి. కోస్తా జిల్లాలకు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం కూడా ఉన్నది. వాన పడుతుండగా కప్పు కురుస్తున్నదని చెపితే యజమాని అనే మొదటి మాట "ఇప్పుడెలాగమ్మా, వానలు తగ్గనీ" అని. అది నిజమే కూడా. తడిసిన డాబా మీద చేసిన పూత నిలవదు. వానలు తగ్గిన తరువాత గోడ ఎండుతుంది, మనమూ మరిచిపోతాం, ఆయనా మరిచిపోతాడు. మళ్ళీ మృగశిర వస్తుంది!

అందుచేత కప్పు సంగతి మాఘ ఫాల్గుణాల్లో కదపాలి. రోహిణి ఎండలు ముదరకముందే పని పూర్తికావాలి. పాత పెంకుటిళ్ళలో ఉన్నవారికి ఇది బాగా తెలుసు. ఎండాకాలంలో మనిషిని పైకెక్కించి, పగిలిన పెంకులు తీసివేసి, జారిన వరస సర్దించి, పుచ్చిన వాసం ఒకటి రెండు మార్పిస్తే ఆ ఏడాదికి నిశ్చింత.

డాబా ఇళ్ళకూ ఇదే సూత్రం. కాంక్రీటు కప్పులో సన్నని పగులుగుండా దిగిన నీరు లోపలి ఇనుపచువ్వకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తన చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టివేస్తుంది. పెచ్చులూడటం అంటే ఇదే. ఊడినచోట సిమెంటు మెత్తి సున్నం కొడితే కంటికి బాగుంటుంది గాని, లోపల తుప్పు తన పని మానదు. చువ్వలు కనబడుతున్న కప్పు కింద పిల్లల మంచం వెయ్యకండి, ఊయల కట్టకండి.

ఇంకొక సంగతి. చెమ్మ కనబడినచోటే నీరు దిగుతున్నదని అనుకోరాదు. వాలు ఎటుంటే అటు నడిచి, ఎక్కడో దిగిన నీరు మరెక్కడో కనబడుతుంది. ఫ్లాటుల్లో అయితే పై అంతస్తువారి స్నానాలగదినుంచి కూడా రావచ్చు. అప్పుడు వ్యవహారం ముక్కోణం అవుతుంది. పై ఫ్లాటు యజమానితోనూ, అపార్టుమెంటు సంఘంతోనూ మాట్లాడవలసినవాడు మీ ఇంటి యజమానే. మీరు పైవారితో పోట్లాటకు దిగకుండా, మీ యజమానిని ఆ మాటలకు ముందుకు తేవాలి.

అడిగే తీరు

"అడగందే అమ్మైనా పెట్టదు" అన్నారు. కాని అడిగే తీరు అంటూ ఒకటున్నది. మెట్ల మీద ఎదురుపడినప్పుడు, పేరంటంలో పసుపు రాస్తున్నప్పుడు, నీళ్ళ కోసం వరసలో ఉన్నప్పుడు అనే మాట ఫిర్యాదు కాదు, కబుర్లలో కలిసిపోతుంది. ఒక ఆదివారంనాడు తీరిక చూసుకుని, ముందుగా కబురు చేసి, భార్యాభర్తలిద్దరూ వెళ్ళడం మంచిది.

"బాబాయిగారూ, ఒక్కసారి పైకి వచ్చి చూస్తారా? మీ కళ్ళతో మీరు చూస్తే నయం" అనండి. తీసుకువెళ్ళి చూపండి. గోడ మీద చెయ్యి పెట్టించండి. "మాకు కష్టంగా ఉన్నది" అనే మాటకన్నా "మీ గోడ నానిపోతున్నది బాబాయిగారూ, ఇప్పుడు పదివేలతో పోయేది వచ్చే ఏడు యాభైవేలయినా ఆశ్చర్యం లేదు" అనే మాట ఆయన చెవికి త్వరగా ఎక్కుతుంది. ఎందుకంటే ఇల్లు ఆయనది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని ఆయనకే తోచాలి.

వెళ్ళేముందే ఒక మేస్త్రీచేత చూపించి, ఎంత అవుతుందో రాయించుకుని ఉంచుకోండి. ఎంత అవుతుందో తెలియకపోవడమే చాలామంది యజమానులకు బెంగ. అంకె కనబడితే బేరం మొదలవుతుంది, బేరం మొదలయితే పని సగం అయినట్టే. "మీకు తెలిసిన మేస్త్రీ ఉంటే అతన్నే పిలిపించండి, పని దగ్గర మేం నిలబడి చూసుకుంటాం" అని కూడా చెప్పండి. పెద్దవయసు యజమానికి డబ్బుకన్నా పనివాళ్ళ వెంట తిరగడమే బరువు.

డబ్బుకు ఇబ్బంది పడుతున్నారని తెలిస్తే, "ప్రస్తుతం మేం పెట్టుకుంటాం, మూడు నెలల అద్దెలో కొంచెం కొంచెంగా మినహాయించుకుంటాం" అనవచ్చు. కాని ఆయన ఒప్పుకున్నట్టు కాగితం ముక్క మీద సంతకం లేనిదే రూపాయి తీయవద్దు. మాటల్లో ఒప్పుకున్నది డబ్బు దగ్గరికి వచ్చేసరికి మసకబారుతుంది.

ఒక ఉత్తరం

రెండుసార్లు చెప్పినా 'చూద్దాం' దగ్గరే ఆగితే, మూడోసారి నోటితో చెప్పవద్దు. ఉత్తరం రాయండి. ఉత్తరం రాస్తే పోట్లాటకు దిగినట్టు అవుతుందని మనవాళ్ళకు ఒక మొగమాటం. మర్యాదగా రాసిన ఉత్తరం ఎవరినీ నొప్పించదు. ఈ తీరున రాయవచ్చు:

"శ్రీయుత గృహయజమాని గారికి నమస్కారములు. మీ ఇంటి పై వాటాలో మూడేళ్ళుగా అద్దెకు ఉంటున్నాము. ఈ నెల 4వ తేదీ వానకు వెనుకగది కప్పు తూర్పు మూల కురిసి గోడ తడిసినది. 5వ తేదీ ఉదయం తమరు స్వయంగా వచ్చి చూసినారు. 9వ తేదీన మేస్త్రీ చూసి, డాబా మీద పగుళ్ళు పూడ్చి నీరు పోయే వాటం సరిచేయాలనీ, అందుకు 14,000 రూపాయలు అవుతుందనీ చెప్పినాడు. అతడు రాసి ఇచ్చిన అంచనాను, గది ఫొటోలు రెంటిని ఇందుతో జతపరిచాను. ఈ నెలాఖరులోగా పని చేయించవలసిందిగా కోరుతున్నాను. పని జరిగే రోజులలో గది ఖాళీ చేసి ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. ఈ నెల అద్దె 1వ తేదీననే మీ ఖాతాలో జమచేసి ఉన్నాను. ఇట్లు, భవదీయుడు."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉన్నది. తేదీలు ఎందుకంటే, ఎప్పుడు చెప్పామో తరువాత ఎవరూ కాదనకుండా. ఎక్కడ, ఏ మూల అని ఎందుకంటే, కోరిక ఒక్కటేనని తెలియడానికి. గడువు ఎందుకంటే, గడువు లేని కోరిక కోరికే కాదు గనుక. గది ఖాళీ చేసి ఇస్తామన్నది "వాళ్ళు పని చెయ్యనివ్వలేదు" అనే మాట రాకుండా. అద్దె చెల్లించామన్నది అన్నిటికన్నా ముఖ్యం. అది మీ వైపు తప్పు లేదనడానికి గుర్తు.

ఉత్తరానికి నకలు ఉంచుకోండి. చేతికి ఇస్తే నకలు మీద అందినట్టు సంతకం చేయించుకోండి. ఇవ్వడానికి మొగమాటమయితే తపాలాలో పంపండి. ఇదివరకు ఇటువంటివాటిని రిజిస్టరు చేసి పంపేవారు. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డు పోస్టును తపాలాశాఖ స్పీడుపోస్టులో కలిపివేసింది గనుక స్పీడుపోస్టులో పంపి, రసీదు, అందినట్టు రుజువు భద్రపరచుకోండి. వాట్సాపులో కూడా ఒక ఫొటో పంపడం మంచిదే. దూరదేశంలో ఉన్న యజమానికయితే అదే త్వరగా చేరుతుంది. ఫోనులో మాట్లాడిన తరువాత, "ఇప్పుడు అనుకున్నట్టుగా వచ్చే సోమవారం మేస్త్రీ వస్తాడు కదా" అని ఒక్క పంక్తి రాసి పంపితే, మాట కూడా కాగితమవుతుంది.

చట్టం ఏమంటుంది?

ఇంతవరకూ వచ్చినా కదలని యజమాని ఉంటే, అప్పుడు చట్టం సంగతి తెలుసుకోవాలి. తెలుసుకోవడం వేరు, కోర్టుకెక్కడం వేరు. తెలిసినవానితో ఎదుటివాడు కాస్త జాగ్రత్తగా మాట్లాడతాడు.

దేశమంతటికీ వర్తించే పాత చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షను ఇలా చెపుతుంది: యజమాని తాను చేయించవలసి ఉన్న మరమ్మతును, నోటీసు ఇచ్చిన తరువాత సమంజసమైన వ్యవధిలో చేయించకపోతే, అద్దెకున్నవారు తామే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతోసహా అద్దెలో మినహాయించుకోవచ్చు. వినడానికి ఎంతో బాగున్నది కదా! కాని 'తాను చేయించవలసి ఉన్న' అన్న మాట దగ్గర ఒక్కక్షణం ఆగండి. ఏది చేయించవలసి ఉన్నదో ఆ సెక్షను పట్టిక ఇవ్వలేదు. దానిని ముఖ్యంగా మీ ఒప్పందమే తేల్చాలి. ఒప్పందంలో మరమ్మతుల ఊసే లేకపోతే ఈ సెక్షను బలం సగం తగ్గిపోతుంది. అదే సెక్షను అద్దెకున్నవారికీ ఒక బాధ్యత పెట్టింది. మామూలు వాడకంవల్ల వచ్చే అరుగుదల పోను, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉన్నదో అలాగే తిరిగి అప్పగించాలి.

ఇక మన ప్రాంతం సంగతి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పట్నాలలో ఇళ్ళకు కటకట ఏర్పడి అద్దెల నియంత్రణ వచ్చింది. తరువాత ఆంధ్ర జిల్లాలలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణాలో 1954 నాటి హైదరాబాదు చట్టం నడిచాయి. 1960లో రెంటి స్థానంలో రాష్ట్రమంతటికీ ఒకే అద్దె నియంత్రణ చట్టం చేశారు. నోటీసు ఇచ్చినా యజమాని మరమ్మతు చేయించకపోతే రెంట్ కంట్రోలరుకు దరఖాస్తు పెట్టుకునే వీలు అందులో ఉన్నది. ఆయన విచారించి, మీరే చేయించుకుని అద్దెలో మినహాయించుకొమ్మని ఉత్తర్వు ఇవ్వవచ్చు. అయితే ఆ మినహాయింపు ఏడాదికి మొత్తం అద్దెలో పన్నెండోవంతు, అంటే ఒక నెల అద్దె మించరాదు. నీళ్ళు, కరెంటు వంటి వసతులను సరయిన కారణం లేకుండా యజమాని ఆపివేయకూడదని కూడా ఆ చట్టం శాసించింది.

కాని ఇక్కడా ఒక మెలిక ఉన్నది. 2005లో వచ్చిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించి, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలకు మించి అద్దె ఉన్న ఇళ్ళకు ఈ చట్టం వర్తించదు. నేటి అద్దెలకు నగరాలలో మధ్యతరగతివారి ఫ్లాటులు చాలావరకు దీనికి వెలుపలే ఉంటాయి. రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణాలో పాత చట్టమే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో అద్దె ఇళ్ళకు వేరే చట్టం చేసింది. మీ ఇంటికి ఏది వర్తిస్తుందో న్యాయవాదిని అడిగి తెలుసుకున్న తరువాతే అడుగు వెయ్యాలి.

నమూనా చట్టంలో ఒక మంచి కొలత ఉన్నది. యజమాని తన వంతు మరమ్మతు చెయ్యనంటే అద్దెకున్నవారు చేయించుకుని మినహాయించుకోవచ్చు గాని, ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించి తగ్గించరాదు. అద్దె 12,000, మరమ్మతు 18,000 అనుకోండి. నెలకు 6,000 చొప్పున మూడు నెలల్లో తీరుతుంది. యజమానికి అద్దె పూర్తిగా ఆగదు, మీ డబ్బూ పోదు. చట్టంగా కాకపోయినా, మీ ఒప్పందంలో ఈ కొలతను రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

న్యాయవాది ఫీజుకు వెనకాడవలసిన పనికూడా లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన న్యాయసేవా సంస్థలు జిల్లా కేంద్రాలలో పనిచేస్తున్నాయి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. దావా వెయ్యకుండానే లోక్ అదాలతులో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేయించుకోవచ్చు. ఇల్లు కూలే స్థితిలో ఉంటే పురపాలక సంఘానికి రాతమూలకంగా తెలియజేయండి. యజమానిచేత బాగుచేయించడానికో, ఇల్లు ఖాళీ చేయించడానికో వారికి అధికారం ఉన్నది. ఖాళీ చేయవలసివచ్చినా ప్రాణం దక్కుతుంది.

అద్దె ఆపవద్దు

ఇక ముందు అన్న మాటకు వద్దాం. మరమ్మతు చేయించలేదని అద్దె ఆపేవారు, న్యాయం తమ పక్షాన ఉన్నదని నమ్ముతారు. కాని 1960 చట్టం ప్రకారం ఒప్పందంలో రాసుకున్న గడువు దాటి 15 రోజుల్లోగా, అటువంటి ఒప్పందం లేకపోతే మరుసటి నెల ఆఖరు రోజులోగా అద్దె చెల్లించకపోవడం ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక కారణం. అంటే ఏమయింది? అంతవరకూ ముద్దాయి యజమాని. అద్దె ఆపిన నాటినుంచి ముద్దాయి మీరు! కప్పు కురిసిన సంగతి వెనక్కిపోయి, అద్దె బకాయి సంగతి ముందుకు వస్తుంది. మరమ్మతు తప్పించుకోవాలని చూస్తున్న యజమానికి ఇంతకన్నా కావలసిందేమున్నది?

కొందరు గడుసు యజమానులు అద్దె తీసుకోకుండా కూడా ఇరుకున పెడతారు. దానికీ ఆ చట్టంలో దారి ఉన్నది. ఏ బ్యాంకులో కట్టాలో పదిరోజుల్లో చెప్పమని నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి, కమిషను మినహాయించుకోవచ్చు. అదీ తిప్పి పంపితే అద్దెను కంట్రోలరు దగ్గర జమకట్టాలి. ఏ చట్టం కింద ఉన్న ఇల్లయినా సూత్రం ఒకటే: అద్దె చెల్లిస్తూనే మరమ్మతు అడగాలి. అద్దె రసీదుల కట్ట చేతిలో ఉన్నవాని గొంతు ఎప్పుడూ నిబ్బరంగా ఉంటుంది.

మరమ్మతు పేరు చెప్పి ఖాళీ చెయ్యమనే యజమానులూ లేకపోలేదు. పెద్దపని అయితే నిజంగానే ఖాళీ చేయవలసి రావచ్చు. అప్పుడు పని ఎన్నాళ్ళు పడుతుందో, అయిన తరువాత తిరిగి మీకే ఇస్తారో లేదో, ఏ అద్దెకు ఇస్తారో కాగితం మీద ఉండాలి. 1960 చట్టం కింద ఇటువంటి ఉత్తర్వు కావాలంటే పని పూర్తికాగానే పాతవారికే ఇల్లు ఇస్తానని యజమాని హామీ ఇవ్వవలసి ఉంటుంది.

సామాను దింపకముందే

ఇంత శ్రమలో ముప్పాతికవంతు ఇంట్లో చేరకముందే తప్పించుకోవచ్చు. ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు హాలు ఎంత ఉన్నది, దేవుడి అలమర ఎటున్నది అని మాత్రమే చూడకండి. కొత్తగా సున్నం వేసిన గోడ మీద అడుగుభాగాన చెయ్యి ఆనించండి, చల్లగా తగిలితే చెమ్మ ఉన్నట్టే. కొళాయిలన్నీ తిప్పండి, దీపాలన్నీ వెలిగించండి, డాబా ఎక్కి నీరు నిలిచిన మరకలున్నాయేమో చూడండి. పక్కవాటా వారిని "వానకు కురుస్తుందా అమ్మా?" అని ఒక్కమాట అడగండి. లోపాలు ఫొటోలు తీసి ఉంచుకోండి. ఖాళీ చేసేనాడు అడ్వాన్సు తిరిగి తీసుకోవడానికి అవే సాక్ష్యం.

ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలి గనుక, మన ఊళ్ళలో పదకొండు నెలల ఒప్పందాలు అలవాటయినాయి. స్టాంపు కాగితాల దుకాణంలో దొరికే అచ్చు ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు ఉంటాయిగాని మరమ్మతులకు అరపంక్తి కూడా ఉండకపోవచ్చు. మీరు చేర్చవలసింది నాలుగు పంక్తులే: కప్పు, గోడలు, గొట్టాలు, కరెంటు తీగలు యజమాని బాధ్యత, చిల్లర మరమ్మతులు అద్దెకున్నవారి బాధ్యత, రాతమూలకంగా తెలిపిన ఇన్ని రోజుల్లో చేయించకపోతే అద్దెకున్నవారు చేయించుకుని నెలకు ఇంతకు మించకుండా మినహాయించుకోవచ్చు, యజమాని ఊళ్ళో లేకపోతే ఫలానావారి మాట ఆయన మాటగా చెల్లుతుంది. ఆస్తి బదిలీ చట్టం 'చేయించవలసి ఉన్న' అని ఊరుకున్న ఖాళీని ఈ నాలుగు పంక్తులూ పూరిస్తాయి.

ఇల్లు నచ్చిన సంతోషంలో, చేరబోయే ముందు ఈ మాటలు ఎత్తడానికి మనకు మొగమాటం. కాని యజమాని అన్నిటికన్నా మెత్తగా ఉండేది ఆ రోజే. తాళంచెవి చేతిలోకి రాకముందు అడిగిన మాట కోరిక. వచ్చిన తరువాత అడిగిన మాట ఫిర్యాదు.

పోరు నష్టం, పొందు లాభం అన్నది ఇంటివారికీ అద్దెకున్నవారికీ వర్తించినంతగా మరెవరికీ వర్తించదు. ఇద్దరి నెత్తిమీదా ఉన్నది ఒకే కప్పు. అది ఆయన ఆస్తి, మన నీడ. మాఘమాసంలో ఒక ఆదివారం ఇద్దరూ కలిసి డాబా ఎక్కి చూస్తే, ఆషాఢంలో ఎవరూ బిందెలు వెతుక్కోనక్కరలేదు.